రాగిణి తలలో లేని పేలు

ఆ శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి రాగిణి తొట్టె పక్కన కూర్చుని సొరకాయను జోకొడుతోంది. దానికి దుప్పటి కూడా కప్పింది. ఏడు నెలల రియా మాత్రం కింద కూరల బుట్టలో కూర్చుని బెండకాయ చప్పరిస్తోంది.

"అమ్మా, అది సొరకాయ" అన్నాను మెల్లగా.

"తెలుసు నాన్నా. కానీ చూడు, ఎంత బుద్ధిగా పడుకుందో" అంది కళ్లు తెరవకుండానే.

నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను. సోమవారం నుంచి దానికి మళ్లీ ఆఫీసు. ఒక్కపూటైనా నిండా నిద్రపోతేగాని కారు తాళం ముట్టుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అమెరికాలో, ఈ చాండ్లర్ ఊళ్లో, కారు ముట్టుకోని మనిషి వీధి చివర పోస్టు డబ్బాతో సమానం. నిలబడ్డచోటే నిలబడాలి.

ఇంట్లో పిల్లలిద్దరూ ఒకేసారి పడుకునేది శనివారం మధ్యాహ్నం ఒక్కటే. మన తెలుగువాళ్లు పాపను చూడ్డానికి వచ్చేదీ సరిగ్గా అప్పుడే. పాప పడుకుంది కదా, లేపొద్దులే అంటూ తొట్టె దాకా వేళ్ల మీద నడుస్తారు. తర్వాత, కళ్లు తెరిస్తేనేగా ఎవరి పోలికో తెలిసేది అని లేపుతారు. ముక్కు ఎవరిదో తేలేసరికి మూడు సార్లు టీ అవుతుంది.

రావద్దని చెప్పడం మా అల్లుడు ఫణికి చేతకాదు. ఏదో అమ్మడానికి ఎవరైనా ఫోన్ చేసినా, భోంచేశారా అని అడిగే మనిషి. అలాంటివాడు ఆ రాత్రి వెలిగిపోతున్న ముఖంతో వంటింట్లోకి వచ్చాడు. ముఖం ఎక్కడ ఆగుతుందో, తల ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. అబ్బాయికి పూర్తి బట్టతల.

"ఇంక రేపు ఎవరూ రారు మావయ్యా. మన తెలుగువాళ్ల గ్రూపులో మెసేజ్ పెట్టేశాను."

"ఏమని పెట్టావ్?" అంది రాగిణి.

"నీ తలలో పేలు పడ్డాయని."

పెద్ద మనవరాలు దేదీప్య డేకేర్‌లో ఎవరికో పేలున్నాయని ఆ వారం కబురొచ్చిందట. రోజూ కావలించుకునే తల్లిదండ్రులు గేటు దగ్గర ఎవరికి వారు ఎడారిలో జెముడు చెట్లలా విడివిడిగా నిలబడ్డారట. అది చూసి ఫణికి జ్ఞానోదయమైంది.

"నా తలలో పేలున్నాయని ఊరంతా చాటావా?"

"ఊరంతా కాదు, గ్రూపు వరకే."

"ఆ గ్రూపులో లేనివాళ్లు ఊళ్లో ఎవరున్నారు?"

"మావయ్యగారు."

"పోనీ నీ తలలో ఉన్నాయని పెట్టచ్చుగా."

"నమ్మాలి కదా" అన్నాడు ఫణి తల నిమురుకుంటూ.

వాదించడానికి దానికి ఓపిక లేదు. గోడకు ఆనుకుని, అలాగే కునికింది.

శనివారం మధ్యాహ్నం పిల్లలు పడుకున్నారు. ఫణి కర్టెన్లు వేసి, రాగిణికి దిండు సర్ది, గెలిచిన సేనాపతిలా నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు తలుపు కొట్టారు.

అమెరికావాళ్లకు పేలంటే పరుగు. మనవాళ్లకు పేలంటే పిలుపు. ఆ తేడా పాపం వాడికి తట్టలేదు.

ముందు రాధారాణి గారు. పిల్లల పెళ్లిళ్లు చేసి, చేతులు ఖాళీగా ఉండి చుట్టుపక్కల సంసారాలన్నీ సర్దే ఆవిణ్ని అందరూ జనరల్ అంటారు. ఆవిడ చేతిలో పేల దువ్వెన. వెనకాల సైరన్ శశికళ, వేపనూనె సీసాతో. ఆవిడ గుసగుసలాడితే వీధిలో కార్ల అలారాలు మోగుతాయని పేరు. వాళ్ల వెనక ఇంకో ఆరుగురు, పాత దుప్పట్లతో, నూనె గిన్నెలతో.

"అమ్మాయేది?" అంది జనరల్.

రాగిణి లేచి వచ్చింది. ఆ అవతారం చూడగానే జనరల్ సోఫాలో కూర్చుని, దాన్ని కింద కూర్చోబెట్టుకుని, తల ఒళ్లోకి లాక్కుని పాయ తీసింది. పాయ వెంట పాయ. వేలి కొసలతో నెమ్మదిగా గీరుతూ, మధ్య మధ్య టక్కుమని గోళ్లు నొక్కుతూ.

రెండో పాయకే మా అమ్మాయి నిద్రలో పడిపోయింది.

దేదీప్య కళ్లు నులుముకుంటూ వచ్చి, "తాతా, మమ్మీ బ్యాటరీ డెడ్?" అంది. శశికళ నోటిమీద వేలు పెట్టింది. ఆవిడ మౌనాన్ని నేను చూడటం అదే మొదలు. చెవి దగ్గర సోఫా లాగినా రాగిణి కదల్లేదు.

మా ఆవిడ దమయంతి ఉన్న రోజుల్లో, రాగిణి చంకపిల్లగా ఉన్నప్పుడు, పేలు చూపించుకొస్తానని మధ్యాహ్నం పూట పక్కింటికి వెళ్లేది. ఎంత చూపించుకున్నా ఆ పేలు ఎందుకు తగ్గవో నాకు అర్థమయ్యేది కాదు. ఈ సోఫా ముందు నిలబడ్డాక అర్థమైంది. ఆ పక్కింటావిడ పేరు గుర్తులేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

లోపల రియా ఏడుపు అందుకుంది. ఎనిమిదిమందీ లేవబోయి ఆగారు. జనరల్ చూపు ఒక్కో తల మీదుగా జరిగింది. అన్నీ జడలూ ముడులూ. నా తల మీదా ఆగింది, తెల్లటిదైనా నిండుగానే ఉంది. చివరికి ఫ్యాను కింద నిగనిగలాడుతున్న ఫణి తలమీద స్థిరపడింది.

"నీకు అంటుకునే దారే లేదు ఫణీ. అమ్మాయి తల బాగయ్యేదాకా పిల్లలిద్దరూ నీ దగ్గరే. పగలూ రాత్రీనూ."

"ఆంటీ, అసలు సంగతి ఏమిటంటే..."

"ముందు పాపనెత్తుకో. తర్వాత అందరికీ ఉప్మా చెయ్యి. గరిటె చప్పుడు రాకూడదు."

డెబ్భై ఏళ్లు పెంచిన జుట్టు ఆ రోజు నన్ను కాపాడింది.

రాగిణి చీకటి పడ్డాక లేచింది. ఆదివారం కూడా చూపించుకుంది. సోమవారం కారు తాళం వేలికి తిప్పుకుంటూ, కూనిరాగం తీస్తూ ఆఫీసుకు వెళ్లింది.

మరుసటి శనివారానికి ఫణి కళ్లు గుంటలు పడ్డాయి. దువ్వెనతో వచ్చిన జనరల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆంటీ, నిజం చెప్పేస్తున్నా. పేలు లేవు. అబద్ధమాడాను."

ఆవిడ జాలిగా చూసింది. "నెత్తిన వెంట్రుక లేనివాడివి, పేల సంగతి నీకేం తెలుసు నాయనా?"

"నువ్వైనా చెప్పు రాగిణీ."

మా అమ్మాయి అప్పటికే ఆవిడ ఒళ్లో తల పెట్టేసింది. "కుడిచెవి వెనకాల ఇంకా దురదగా ఉంది ఆంటీ" అంది.

ఆ సాయంత్రం నిద్ర లేచి, తేటపడిన ముఖంతో నాకు కాఫీ తెచ్చింది. ఇద్దరం పిల్లల గదిలోకి తొంగి చూశాం. రియా తండ్రి వీపుకు ఆనుకుని నిలబడి, ఆ నున్నటి తలను రెండు చేతులా వాయిస్తోంది. ఫణి ఇవేమీ ఎరగడు. గోడకు ఆనిన తలతో, మూసిన కళ్లతో, తొట్టెలో దేన్నో జోకొడుతున్నాడు.

లేపుదామని అడుగేశాను. రాగిణి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాన్నా. పాపం, సొరకాయ లేస్తుంది."