ఖలాస్ అయిన పన్నెండు పెయ్యలు

ఆ రోజు పొద్దున అమీర్ జాన్ వేసుకున్న పథకం చిన్నదే. కఫీల్, అంటే తనకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఇంటికి వెళ్లడం, ఆయన చేత ఒక్క మాట అనిపించడం, ఫారానికి తిరిగొచ్చి తిట్టాల్సినవాళ్లను తిట్టుకోవడం. దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్ ఇసుకలో ఉన్న ఆ మాంసపు పశువుల ఫారానికి అతను పదకొండేళ్లుగా మేస్త్రీ. కరోనా సద్దుమణిగాక, అరవై తలల మందను వంద చేయాలని కఫీల్‌కు పట్టుకుంది. ఓడలో వచ్చే పశువుల్ని కొనేద్దామని ఆయన. ఫారంలోనే పుట్టిన పన్నెండు పెయ్యల్ని కోతకు పంపకుండా ఈనడానికి ఉంచుకుందామని ఇతను. కొనడం, కోయడం, అంతే అయితే ఇక మేస్త్రీతో పనేముంది? సొంతూరు రాయచోటికి టికెట్టు చేతిలో పెడతారు. ఆ భయం అతనికి కోపంగా బయటికొచ్చేది. ఆ మాటకొస్తే అతనికి ఏదైనా కోపంగానే బయటికొచ్చేది.

గంటసేపు వాదించాక కఫీల్ సరేనన్నాడు. అమీర్ జాన్ గేటు దాటకుండానే ఫోను తీశాడు.

"మంగరాజూ! ఆ పన్నెండు పెయ్యలూ ఖలాస్!"

"ఖలాసా అండీ?"

"ఒకసారి చెప్తే ఎక్కదేందిరా నీకు? ఖలాస్ అంటే ఖలాస్! మళ్లీ అడిగినావంటే చెప్పు తెగుతాది!"

మంగరాజుది అమలాపురం పక్క ఊరు. ఫారంలో చేరి నాలుగు నెలలు. ఖలాస్ అంటే అరబ్బులకు వ్యవహారం తేలిపోవడమనీ, మనవాళ్లకు ప్రాణం పోవడమనీ అతనికి బాగానే తెలుసు. మేస్త్రీ అన్నది ఏ ఖలాసో అడిగే ధైర్యమే లేదు. లారీ పిలిచి, పన్నెండింటినీ ఎక్కించి, కబేళాకు బయలుదేరాడు.

మధ్యాహ్నం పెయ్యల్ని చూస్తానని కఫీల్ స్వయంగా అమీర్ జాన్‌ను కారెక్కించుకుని ఫారానికి వచ్చాడు. దొడ్డి ఖాళీగా ఉంది. అమీర్ జాన్ పక్కకు జరిగి ఫోను చేశాడు.

"యాడ సచ్చినావురా? పెయ్యలేవి?"

"కబేళా దగ్గరున్నామండీ. లైన్లో మనది మూడో నంబరండీ."

అమీర్ జాన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. పుట్టేటప్పుడు ఒక్కోదాన్నీ తన చేతులతో లాగి బయటికి తీసిన పెయ్యలవి. నోటిదాకా వచ్చిన బూతుల్ని కఫీల్‌ను చూసి మింగేశాడు.

"డాక్టర్ పరీక్షకు పంపినా సాబ్," అన్నాడు.

కఫీల్ మురిసిపోయాడు. "శభాష్! యల్లా, పోదాం పద, నేనూ వస్తా."

దారి పొడవునా అమీర్ జాన్ మంగరాజును మనసులో నాలుగు భాషల్లో తిట్టాడు. కారు కబేళా ముందు ఆగింది. బోర్డు చదివి కఫీల్ ముఖం చిట్లించేలోగా పశువుల డాక్టరమ్మ షాహీదా ఉరుముకుంటూ వచ్చింది. ఆయనతో అరబ్బీలో ఏదో చెప్పి, తెలుగువాళ్లని పోల్చుకుని అమీర్ జాన్ మీద పడింది.

"ఎవరయ్యా పంపింది? పన్నెండిట్ల తొమ్మిది కడుపుతోని ఉన్నయ్! మూడు నెలలైతుంది. కొయ్యనియ్య, తీస్కపో!"

"కడుపా? ఆబోతును వేరే దొడ్లో కట్టినాం కదమ్మా!"

"దొడ్డి వేరేనే. తలుపుకు గడి ఉందా?"

మంగరాజు గొంతు సవరించుకున్నాడు. "గడి ఊడి మూడు నెల్లయిందండీ. చెబుదామంటే తిడతారేమోనని..."

అమీర్ జాన్ చెయ్యి చెప్పు దాకా వెళ్లింది. అప్పటికే, డాక్టరమ్మ చెప్పిన కడుపు కబురుకు పొంగిపోయిన కఫీల్ మంగరాజు భుజం పట్టుకుని అరబ్బీలో అడుగుతున్నాడు: "ఇవి కడుపుతో ఉన్నాయని కనిపెట్టింది నువ్వేనా?"

ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పెద్దవాళ్లు అడిగితే కోనసీమవాడు ఏమంటాడో మంగరాజూ అదే అన్నాడు.

"ఆయ్!"

కఫీల్‌కు అది "ఐవా" అని, అంటే అరబ్బీలో అవునని, వినబడింది. "పరీక్షకు తెచ్చిందీ నువ్వేనా?"

"ఆయ్!"

కాదని చెబితే, పరీక్షకు పంపానని తానాడిన అబద్ధం బయటపడుతుంది. అమీర్ జాన్ కక్కలేక మింగలేక ఒళ్లంతా మంటతో నిలబడ్డాడు. కఫీల్ అతని వైపు తిరిగాడు. ఈసారి హిందీలో.

"రోజూ చూస్తావు కదా, నీకెందుకు తెలియలేదు? మందను పెంచాలా వద్దా అని నాతో గంటసేపు వాదించావు. అది మూడు నెలలుగా పెరుగుతూనే ఉంది! రేపట్నుంచి పెయ్యల బాధ్యత ఇతనిది. ఇతను ఏం చెబితే అది చెయ్యి."

తిరుగు ప్రయాణంలో కఫీల్ పక్క సీట్లో మంగరాజు కూర్చున్నాడు. అమీర్ జాన్ పెయ్యలతో పాటు లారీలో వచ్చాడు.