దిక్కు: ఇతరములు

ఈ కథలో ఆవగింజంత అబద్ధం దొరికినా చెప్పినవాడి నోట్లో గుప్పెడు ఉప్పు కొట్టండి. కిట్టనివాళ్ళు ఏమైనా అంటారు గాని, ఈ ముసలివాడు పుట్టి బుద్ధెరిగాక కోతలు కోసింది వరిచేలో మాత్రమే.

ఆ రోజు పొద్దున్న అబ్బులు వేసుకున్న పథకం చాలా చిన్నది. గెడ్డం గీయించుకోవాలి, ఉన్న రెండు చొక్కాల్లో బొత్తాలున్నదాన్ని తొడుక్కోవాలి, ఇల్లులేనివాళ్ళ జాబితా రాసేవాళ్ళు రాగానే మంగాయమ్మ పేరు అందరికంటే ముందు రాయించాలి. అంతే.

అబ్బులు ఒకప్పుడు పోర్టులో కలాసీ. బస్తాలు మోసి మోసి నడుం విల్లులా వంగాక, మద్దిలపాలెం బస్సు డిపో ఎదురుగా ఒక చీరల కొట్టు అరుగు మీదికి చేరాడు. కొట్టు తెరవకముందే లేచి అరుగు కడిగి, పక్కచుట్టని మెట్ల కింద దాచేస్తాడు. పక్క అరుగు మంగాయమ్మది. రేవులో చేపలు కోసి బతికిన మనిషి. రక్తసంబంధం ఏమీ లేదు. ఆరేళ్ళుగా ఒకే చూరు నీళ్ళు ఇద్దరి మీదా కారుతున్నాయి గనక ఆవిడ అతనికి అప్ప. ఆ వైపు అప్పంటే అక్క.

అప్పకి దగ్గు. పోర్టు మీంచి గాలి తిరిగిందంటే, తెల్లచొక్కాతో రోడ్డు దాటినవాడు అవతలి ఒడ్డు చేరేసరికి నల్లకోటు లాయరైపోయేవాడు. ఆ బొగ్గు దుమ్ములో సగం మంగాయమ్మ గుండెల్లోనే కాపరం పెట్టింది. వానలు పడేలోగా ఆవిడకి గోడలున్న చోట ఒక మంచం దొరక్కపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పోయిన వానాకాలం మూడో అరుగు మనిషి పొద్దున్న లేవలేదు. మధ్యాహ్నానికి బండి వచ్చింది. "ఈయన తాలూకు ఎవరైనా ఉన్నారా?" అని ఒక్కసారి అడిగారు. కాగితం మీద ‘అనాథ’ అని రాసుకుని తీసుకుపోయారు.

"ఒరే అబ్బులూ, నన్ను ఆ బండెక్కించకురా," అంది మంగాయమ్మ జాబితా రాసే పొద్దున్న కూడా. "దిక్కులేని సావు నాను సావను."

"నువ్వు సావవప్పా. నువ్వు సత్తే అరుగు ఖాళీ అయిందని కొట్టాయన పండగ సేసుకుంటాడు. ఆడికా సరదా తీరనిత్తామేటి?"

ఇల్లులేనివాళ్ళ గోడు తీర్చడానికి ఊళ్ళో నాలుగు వర్గాలు కలిసి ‘ఐక్య ఆశ్రయ సమితి’ పెట్టారు. ఊరి పెద్దలు కూర్మన్నపాలెం దగ్గర పాత గోడౌను ఇప్పించారు. ఒక ఫ్యాక్టరీ నలభై మంచాలిచ్చింది. ఒక చర్చి సంఘం అన్నం పెడతానంది. కాలేజీ పిల్లలు జాబితా రాస్తామన్నారు. అందరూ చేతులు కలిపి ఫోటో దిగారు. చేతులు కలిపే ఉంచితే మంచం ఎత్తడం కుదరదని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

కాలేజీ తరఫున అలేఖ్య అనే అమ్మాయి ట్యాబు పట్టుకుని, అప్ప దగ్గుతుంటే ముందు అబ్బులు దగ్గరికే వచ్చింది. రేపు గోడౌనుకి తీసుకెళ్ళే బండి వచ్చినప్పుడు మనిషి దొరకాలి గదా అని, జంక్షనుకి ఏ పక్కన పడుకుంటాడో రాయడానికి ఫారంలో ‘దిక్కు’ అని ఒక గడి పెట్టారు. నొక్కితే తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం వస్తాయి. అడుగున ‘ఇతరములు’.

"పేరేంటి తాతా?"

"అబ్బులు."

"వయసు?"

"నడుముకి ఎనబై. మిగతాదానికి అరవై."

అలేఖ్య మిగతాదానిదే రాసుకుంది. "దిక్కు?"

అబ్బులు ఉలిక్కిపడ్డాడు. ఆ పిల్ల ముఖంలో వెటకారం లేదు. చుట్టూ టీ తాగుతున్న కండక్టర్లు మాత్రం చెవులు రిక్కించారు. నలుగురిలో దిక్కులేదని చెప్పుకోవడమా? అంతకంటే చొక్కా విప్పుకుని నిలబడడం నయం.

"ఉంది. ఎందుకు లేదు? అదిగో, మంగమ్మప్ప."

"అది కాదు తాతా. దిక్కు చెప్పండి. ఇక్కడ నాలుగే ఉన్నాయి."

"నీకు నలుగురున్నారేటి? అదృష్టవంతురాలివి. నాకు ఒకర్తే."

పదింటికి క్లాసుంది, ఇంకా ముప్పైమంది ఉన్నారు. అలేఖ్య ‘ఇతరములు’ నొక్కి ‘మంగాయమ్మ’ అని కొట్టింది. పక్క అరుగు దగ్గరికి వెళ్ళి అదే అడిగితే మంగాయమ్మ దగ్గు ఆపుకుని, "ఇంకెవులు, ఈ అబ్బులుగాడే. మంచి దిక్కు కాదు గాని ఉన్నది ఇదే," అంది. మళ్ళీ ‘ఇతరములు’.

పది రోజులకి జాబితా అంటించారు. ఇద్దరి పేర్లూ లేవు. అబ్బులు సమితి ఆఫీసుకి పోయాడు. అక్కడి గుమాస్తా శివరామకృష్ణ, గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చినాయన కొడుకు. మర్యాదస్తుడు. కాగితంలో లేని మాట కలలో కూడా మాట్లాడడు. ఆ గడి ఎందుకు పెట్టారో అతనికి ఎవరూ చెప్పలేదు.

"మీకు దిక్కుందికదండీ. ఇది దిక్కులేనివాళ్ళకండీ," అన్నాడు.

"ఆ దిక్కుకీ మంచం లేదు బాబూ."

"ఆవిడకి మీరున్నారుగా. ఎంత స్పష్టంగా రాసుందో చూడండి."

"ఇద్దరం అరుగు మీదే పడుకుంటన్నాం గదా!"

"అది నివాసం గడండీ. నేను చూసేది దిక్కు గడి."

అతను చూసిన ఆ గడిలో ఒకడికి సింహాద్రప్పన్న దిక్కు. ఒకామెకి యేసయ్య దిక్కు. ఒకడికి వీధికుక్క. దేవుడే గార్డియనుగా ఉన్నవాడికి మంచం ఇస్తే రేపు పైవాళ్ళకి ఏం చెప్పాలని శివరామకృష్ణ అందరినీ కొట్టేశాడు. ‘తూర్పు’ అని ఉన్నవాళ్ళని మాత్రం, పాపం ఎవరూ లేక సూర్యుణ్ణి చెప్పుకున్నారని జాలిపడి ఉంచాడు. అలా నలభై మంచాలకి తొమ్మిదిమంది తేలారు.

"పోనీ, దిక్కు లేదని రాసివ్వండి. వేలిముద్ర వెయ్యాలి. ఇద్దరు దగ్గరి బంధువులు సాక్షి సంతకం పెట్టాలి."

"బందువులుంటే దిక్కున్నట్టే గదా బాబూ?"

"ఉండకూడదండీ. సంతకాలు మాత్రం ఉండాలి."

అబ్బులు ఆ ఫారం మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. మంగాయమ్మ దాన్ని ముట్టుకోలేదు. "అట్టుకెల్లి సముద్రంలో పడీ. నాకు దిక్కు లేదని నా ఏలితో నానే ముద్దరెయ్యాలా? మంచం లేకపోతే పీడాపోయె."

ఆదివారం చర్చి సంఘం పెద్ద జ్ఞానశేఖర్ రొట్టెలు పంచడానికి వచ్చాడు. మనసు చాలా పెద్దది, వినికిడి చాలా చిన్నది. ఒకరికొకరు దిక్కని రాయించుకున్న జంట ఇదేనని ఎవరో చెబితే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"సిగ్గుపడకండి బ్రదర్. గోడౌనులో దంపతులకి ఒక గది ఉంది. నేను ఉత్తరం రాస్తాను."

"దంపతులేటి బాబూ! అప్ప! అప్పని పెళ్ళామంటే నరకంలో కూడా మంచం ఇవ్వరు!"

జ్ఞానశేఖర్‌కి ఆఖరి రెండు మాటలు వినిపించాయి. "ఇస్తారు బ్రదర్, ఇస్తారు. ఒకటి కాదు, రెండు ఇస్తారు."

ఉత్తరం ఆఫీసుకి చేరింది. శివరామకృష్ణ చదివి నిబంధనలు తిరగేశాడు. దంపతులంటే కుటుంబం. కుటుంబానికి ఆశ్రయం కాదు, ఏకంగా ఇల్లే ఇవ్వాలి. సమితి ఇళ్ళ జాబితాలో వాళ్ళ పేర్లు ఎక్కించాడు. ఇల్లు మంజూరైనవాళ్ళు నిరాశ్రయులు కారు గనక, ఇదివరకే కొట్టేసిన పేర్లని ఇంకోసారి ఎర్రసిరాతో కొట్టేశాడు. ఆ ఇల్లు పరవాడ దాటాక ఎక్కడో వస్తుంది. ఎక్కడన్నది ఇంకా తేలలేదు. పునాది పడడానికి ముందు స్థలం దొరకాలి గదా.

గోడౌను ప్రారంభం నాడు ఇద్దరినీ వేదిక ఎక్కించారు. "మన సమష్టి కృషితో ఈ నగరంలో ఇద్దరు నిరాశ్రయులు తగ్గారు!" అని మైకులో చెప్పారు. చప్పట్లు. థర్మకోలుతో చేసిన ఆరడుగుల తాళంచెవిని వాళ్ళ చేతుల్లో పెట్టి ఫోటో తీశారు. వేదిక వెనక ముప్పై ఒక్క మంచాలు పరుపులకి పాలిథిన్ సంచులైనా విప్పకుండా ఖాళీగా ఉన్నాయి. ఫోటో అయ్యాక ఇద్దరూ బస్సెక్కి మద్దిలపాలెం వచ్చేశారు. కండక్టరు తాళంచెవికి అరటిక్కెట్టు కొట్టాడు.

"సెవి ఇచ్చారు గాని తాళం ఏదిరా?" అని మంగాయమ్మ నవ్వింది. "ఈ సెవేదో ఆ రొట్టెల బాబుకి ఇచ్చుంటే బాగున్ను." నవ్వు దగ్గులోకి తిరిగి, డిపో వచ్చినా ఆగలేదు.

ఆ వారమే అల్పపీడనం పట్టింది. మూడు రోజులు వాన. అబ్బులు ఆ తాళంచెవిని గోడకి చేరవేసి, దాని కింద అప్పని పడుకోబెట్టాడు. మూడో పొద్దున టీ తెచ్చి ఇస్తే గ్లాసు కన్నా ఆవిడ చెయ్యి వేడిగా ఉంది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో మంగాయమ్మ కళ్ళు విప్పకుండా, "తలుపేసావేటిరా?" అంది.

"ఏసానప్పా," అన్నాడు అబ్బులు.

మధ్యాహ్నానికి పోయింది.

శవాల గది దగ్గర కూర్చున్న ఉద్యోగి అర్జునరావు చెడ్డవాడు కాదు. రోజూ అదే పని గనక కొంచెం అలిసిపోయాడు. "నీకేటవుద్ది?" అని అడిగాడు.

"అప్ప."

"ఇంటిపేరు?"

"ఆళ్ళది ఏటో నాకు తెల్దు."

"రుజువేటైనా ఉందా?"

అబ్బులు జేబులు వెతికాడు. దిక్కు లేదని రాసివ్వాల్సిన ఫారమే దొరికింది. దాన్ని మళ్ళీ మడిచేశాడు.

"మరైతే అనాథ కింద రాయాలి మావా. బండొస్తాది."

"ఆ బండి మాటుకు వద్దు బాబూ. ఆ బండి వద్దని సెప్పింది." ఆరేళ్ళలో అబ్బులు ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఇప్పుడు వంగాడు. వంగడం ఆ నడుముకి కొత్త కాకపోయినా.

అప్పుడు తడిసి ముద్దయిన అలేఖ్య వచ్చింది. ఖాళీ మంచాలు చూసిన రోజు నుంచి తన జాబితాని తానే వెనక్కి చదువుకుంటూ వచ్చి, ఆ పొద్దున్నే ‘దిక్కు’ దగ్గర ఆగిపోయింది. అరుగు దగ్గరికి పరుగెత్తితే ఆసుపత్రికి పోయారని కొట్టాయన చెప్పాడు. జరిగింది విని ట్యాబు తీసి అర్జునరావు ముందు పెట్టింది.

"సార్, రుజువు. సమితి ముద్ర కూడా ఉంది. చదవండి."

అర్జునరావు కళ్ళజోడు తుడుచుకుని పైకే చదివాడు. "పేరు: మంగాయమ్మ. నివాసం: అరుగు. దిక్కు: అబ్బులు." ఆ ఆఖరి గడి మీద వేలు పెట్టాడు. "దిక్కుంది కదేటి. మరి అనాథ అని ఎలగ రాత్తాను?" అని పుస్తకం ముందుకు తోశాడు. "ఇక్కడ ఏలిముద్దరెయ్యి మావా."

అబ్బులు వేశాడు. మంచం పోగొట్టిన గడి మనిషిని దక్కించింది.

అలేఖ్య ఫోను చేసి శివరామకృష్ణనీ జ్ఞానశేఖర్‌నీ పిలిచింది. ఎలా పిలిచిందో ఆ మాటలు అచ్చువేయడానికి పనికిరావు. జ్ఞానశేఖర్‌కి కూడా ప్రతి అక్షరం వినిపించింది. ఆయన కొత్త తెల్లబట్ట తెచ్చాడు. శివరామకృష్ణ ఏ కాగితమూ లేకుండా వచ్చాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. పాడెకి మూడు కొమ్ములు అబ్బులూ ఆ ఇద్దరూ పట్టారు. నాలుగోది అలేఖ్య పట్టబోతే, ఆడపిల్ల మొయ్యకూడదన్నారెవరో. "అయితే నాలుగోవాడిని చూపించండి," అంది. ఎవరూ కనబడలేదు. ఈసారి ఎవరూ చేతులు కలపలేదు. తలొక కొమ్మూ పట్టారు, పాడె లేచింది. ఆసుపత్రి గేటు దాటగానే మూడు రోజుల వాన టక్కున ఆగిపోయి, దారంతా పల్చగా ఎండ కాసింది.

తర్వాత సమితివాళ్ళు ఫారంలో ఆ మాట తీసేసి ‘ఎటు పక్కన పడుకుంటారు?’ అని పెట్టారు. శివరామకృష్ణ స్వయంగా జంక్షనులో నిలబడి అరుగులు లెక్కపెట్టాడు. వారంలో మంచాలు నిండాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని కోసం అతనూ అలేఖ్యా అబ్బులు దగ్గరికి వచ్చారు.

"ఇప్పుడు మీకు పూర్తి అర్హత వచ్చిందండీ. అంటే... ఇదివరకున్న దిక్కు..." అని శివరామకృష్ణ ఆగిపోయాడు. ఉద్యోగంలో చేరాక అతను సగంలో ఆపిన మొదటి వాక్యం అదే.

"ఎటు పక్కన పడుకుంటావు తాతా?" అంది అలేఖ్య.

"పాత మాటే అడుగు."

అలేఖ్య ట్యాబులోంచి తలెత్తింది. "దిక్కు?"

అబ్బులు చెయ్యెత్తి, మంగాయమ్మని కాల్చిన వైపు చూపించాడు. "దచ్చినం."

అలేఖ్య ‘దక్షిణం’ నొక్కింది. మొత్తం జాబితాలో రెండు రకాలుగా చదివినా తప్పులేని గడి అదొక్కటే.

అంతా అయ్యాక చెప్పినవాడు ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజు వాన ఆగిందన్నది కల్పన. ఆగలేదు. అబ్బులు చెబితే అర్జునరావు అరుగు దగ్గర్నుంచి ఆటోలో ఆ థర్మకోలు తాళంచెవిని తెప్పించి శవం మీద కప్పితే, కాటిదాకా దాని కిందే తీసుకెళ్ళారు. పరవాడ దాటాక వచ్చే ఆ ఇంటికి ఇప్పటిదాకా పడిన కప్పు అదే.

ఇక ఉప్పు తెచ్చుకోండి.