వేరుతో సెల్ఫీ

ఈ రాష్ట్రంలో ఇకమీదట ఏ వేరూ ఒంటరిగా బతకదని మంత్రిగారు ప్రకటించారు. ప్రతి మొక్క వేరుకూ మేలుచేసే బూజు ఒకటి తోడుంటుందనీ, ఆ తోడును తమ ప్రభుత్వమే కుదురుస్తుందనీ, దీనికి 'వేరు బంధం' అని పేరు కూడా తామే పెట్టామనీ చెప్పారు. భూమ్మీద మొక్కలు మొలిచిన నాటినుంచీ ఈ బంధం ఉందని శాస్త్రవేత్తలు అంటారు. కానీ అప్పట్లో దానికి లోగో లేదు.

పథకం ప్రారంభానికి ప్రత్తిపాడు పక్కన కరీమున్ కౌలుకు చేస్తున్న అరెకరం మిర్చి తోట ఎంపికైంది. ల్యాబువాళ్లు జిల్లా అంతా తిరిగి వేర్లు పట్టుకెళ్లి మైక్రోస్కోపు కింద పెడితే, ఆమె తోట వేర్లలోనే బూజు అందరికంటే ఎక్కువగా ఉందట. కారణం కనుక్కోవడానికి వ్యవసాయశాఖ ఏడీ ప్రేమదాసుగారు స్వయంగా వచ్చారు.

"ఏముందండీ, వేసవిలో ఎరువుకని చేలో గొర్రెల మంద కట్టించా. డీఏపీ కోసం మూడుసార్లు లైన్లో నిలబడ్డా, దొరకలా. వెయ్యలా" అంది కరీమున్.

ప్రేమదాసుగారు డైరీలో 'రైతు స్వచ్ఛందంగా రసాయన ఎరువును త్యజించారు' అని రాసుకున్నారు.

ఆ బూజు సంగతి కరీమున్‌కు కొత్తేమీ కాదు. ఊళ్లో వ్యవసాయ సహాయకురాలిగా పనిచేసే స్తుతి ఎప్పుడో చెప్పింది.

"అక్కా, మొక్క ఆకులో వండుకున్న చక్కెర కొంచెం బూజుకు పెట్టుద్ది. బూజు దారాలు వేరు అందుకోలేనంత దూరం పోయి నీళ్లూ భాస్వరమూ మోసుకొస్తాయి. మనమే డీఏపీ వేసి భాస్వరం గుమ్మరిస్తే మొక్క ఇక బూజు మొహం చూడదు."

"వండేదొకరు, నీళ్లు మోసేదొకరు. మంచి తోడికోడళ్లే" అంది కరీమున్.

తోట విరగకాసింది. మొదటి కోత ఇంకో పది రోజుల్లో ఉంది. రెండేళ్లుగా తామర పురుగు కాపంతా తినేసింది. ఈసారి కూడా పోతే కౌలు వదిలేసి కూలికి పోవడమేనని ఆమె ఇంట్లో చెప్పేసింది కూడా.

ఇక మంత్రిగారికి బూజు చూపించే పని మిగిలింది.

"అది కంటికి కనపడదు సార్. వేరు ఉడకబెట్టి, రంగేసి, మైక్రోస్కోపులో చూడాలండి" అంది స్తుతి.

"మంత్రిగారు మైక్రోస్కోపులోకి వంగరమ్మా. వంగిన ఫొటో ప్రతిపక్షం చేతిలో పడితే ఇంకేమన్నా ఉందా?" అన్నారు ప్రేమదాసుగారు.

ఈ చిక్కుముడిని మండల పార్టీ అధ్యక్షుడు బుల్లయ్య చిటికెలో విప్పేశాడు. "కనపడందాన్ని చూపించేదేంటండీ! సార్ ఒక మొక్క పీకి, వేరు పైకెత్తి నవ్వుతారు. లోపల బూజుందని మనం మైకులో చెబుదాం. మన మేనిఫెస్టోలోవి మాత్రం ఎవరికి కనబడ్డాయి? నమ్మలా?"

"ఒక్క మొక్కేనా అన్నా?" అంది కరీమున్.

"ఒక్కటంటే ఒక్కటే అమ్మాయ్."

కరీమున్ ఆరు ఎన్నికల్లో ఓటేసిన మనిషి. అందుకని ఇంకోసారి అడిగింది. బుల్లయ్య నొచ్చుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దమనిషి వస్తుంటే దారికి రెండు పక్కలా బ్లీచింగ్ చల్లడం మన మర్యాద. పంచాయతీవాళ్లు మర్యాదకు లోటు రాకూడదని రోడ్డు దగ్గర ఆగలేదు. మిరప సాళ్ల మధ్య కూడా తెల్లగా గీతలు లాగారు.

"సార్, బ్లీచింగ్ తగిలితే బూజు చచ్చిపోద్దండీ" అని స్తుతి మొత్తుకుంది.

"చావనీ. సార్‌కి అంటుకుంటే ఎవరు సమాధానం చెప్పేది?" అన్నారు ప్రేమదాసుగారు. బాధ్యత తెలిసిన అధికారి.

మంత్రిగారి ప్రసంగం గొప్పగా సాగింది. "నేను వేరు, మీరు బూజు!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. "మన బంధాన్ని విడదీసే మొనగాడు పుట్టలేదు!" అంటూ మొక్కను పీకారు.

ఫొటోగ్రాఫరు ఎండ ఎదురుగా ఉందన్నాడు. మంత్రిగారు ఇటు తిరిగి ఇంకోటి పీకారు. కళ్లు మూతపడ్డాయన్నాడు. మూడోది పీకారు. అలసటనేది ఎరగని మనిషి.

అప్పుడు బుల్లయ్య మైకు అందుకున్నాడు. "వేరుతో సెల్ఫీ దిగి గ్రూపులో పెట్టినోళ్లకే హాజరు! పెట్టనోళ్లు రానట్టే లెక్క!"

ఇరవై ఊళ్లనుంచి ఆటోల్లో వచ్చిన జనం సాళ్లలోకి దిగారు. ఒకాయన రెండు మొక్కలు పీకాడు. రెండోది ఒంట్లో బాగాలేక ఇంటి దగ్గరున్న భార్య తరఫున.

"అయ్యా, కాయుందయ్యా! పది రోజులాగండయ్యా!" అంటూ కరీమున్ ఆ సాలుకీ ఈ సాలుకీ పరుగెత్తింది.

"కాస్త పక్కకి జరుగమ్మా, ఫ్రేములో పడుతున్నావు" అన్నాడొకడు.

"పచ్చడికి పనికొస్తాయా ఇవి?" అని ఒకావిడ అడిగి, సమాధానం కోసం చూడకుండా కొంగులో కట్టుకుంది.

భోజనాల వేళకు అరెకరమూ శుభ్రంగా ఉంది. మంత్రిగారు కారెక్కబోతూ ఆగి, "ఇంతకీ ఆ ఆదర్శ తోట ఎక్కడయ్యా?" అన్నారు.

"రాష్ట్రమంతా పాకింది సార్, ఫోన్లలో" అన్నాడు బుల్లయ్య.

మర్నాడు పొద్దున స్తుతి ట్యాబు పట్టుకుని వచ్చింది. కరీమున్ గట్టుమీద కూర్చుని ఉంది. స్తుతి కూడా పక్కనే కూర్చుని పంట నష్టం యాప్ తెరిచింది. నష్టానికి కారణం అడిగింది యాప్. వాన, గాలి, పురుగు, బూజు, ఇతరములు.

"బూజని పెట్టమని పైనుంచి చెప్పారక్కా" అంది స్తుతి, తలెత్తకుండా.

"దానిమీద మాత్రం నొక్కమాకమ్మా. ఈ తోటలో పనిచేసింది అదొక్కటే."

స్తుతి 'ఇతరములు' నొక్కింది. దెబ్బతిన్న మొక్క, నష్టకారకం రెండూ కనబడేలా ఒకే ఫొటో పెట్టమంది యాప్. స్తుతి తోట వైపు చూసింది. తీయడానికి మొక్క లేదు. కాసేపు ఆలోచించి, ఊరి గ్రూపులోంచి ఒక ఫొటో దించి ఎక్కించింది. అందులో మంత్రిగారు మిరప మొక్కను మెడ దగ్గర పట్టుకుని, వేరు పైకెత్తి, చక్కగా నవ్వుతున్నారు.

చక్రం తిరిగి తిరిగి ఆగింది. పచ్చ టిక్కు పడింది.

'ఫొటో స్పష్టంగా ఉంది. నష్టకారకం గుర్తించబడింది. నివారణ చర్యలకు మీ గ్రామ వ్యవసాయ సహాయకురాలిని సంప్రదించండి.'