అలుగవ్వ మూడు గీతలు

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి, వాన తప్ప. మబ్బులు పడమటి కొండల దగ్గరే నీళ్ళన్నీ దించేసుకుని, ఇటువైపు వచ్చేసరికి ఖాళీ అయిపోయేవి. నేల సగం ఎర్రది, సగం నల్లరేగడి, దాని కింద నాపరాయి. ఎండాకాలం ఆ అడవి మొత్తానికి నీళ్ళు దొరికేది ఒక్క చోటే, ఊటకొండ అడుగున. ఆ ఊట పక్కన బొరియలో అలుగవ్వ ఉండేది, ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులున్న ముసలి అలుగు.

అలుగవ్వకి అక్షరం ముక్క రాదు. అయితేనేం, ఏ రాయినైనా ఒక్కసారి నాకిందంటే అదేం రాయో చెప్పేసేది. చెప్పి, పక్కన గోళ్ళతో మూడు గీతలు గీసేది. ఆ గీతలు చూస్తే ఇంకెవరూ నోరెత్తరు.

ఒకనాడు సింహరాజుకి కడుపు మండింది. "పక్క అడవి పులికి వివరాల పుస్తకం ఉందంట. కొండలు, ఏర్లు, వానలు, రాళ్ళు అన్నీ రాసిపెట్టారంట. నలభై ఆకులంట! మనకేదీ?"

"పది రోజుల్లో యాభై ఆకులు రాసేస్తా దొరా" అంది గుమస్తా నక్క.

ఆ నక్క కొలువులో చేరి ఏడేళ్ళు. పొద నీడ దాటింది లేదు. అక్కడే కూర్చుని వాతావరణం రాసింది. బురదలో పడుకున్న గేదెని అడిగితే "చల్లగా ఉంది నాయనా" అంది. బండ మీది తొండని అడిగితే "కాళ్ళు కాలిపోతున్నాయి" అంది. నక్క రెండూ రాసి, కింద "మొత్తం మీద హాయిగా ఉండును" అని కలిపింది. వాన కొలిచే కుండలో నీళ్ళు దుప్పి తాగేసి పోతే, వానే పడలేదని రాసింది.

రాళ్ళ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి అడవంతా ఉలిక్కిపడింది. పుస్తకం పూర్తయ్యాక తవ్వకం ఏనుగులు వస్తాయి. రాయి ఉందని ఎక్కడ రాసుంటే అక్కడ తవ్వుతాయి.

అడవిపంది గడ్డలు మోసుకొచ్చింది. "మామా, నా పొద కింద ఏమీ లేదని రాయి."

"ఏమీ లేదా?"

"మట్టి కూడా లేదని రాయి మామా!"

ఎలుగుబంటి తేనెపట్టు తెచ్చింది. కుందేలు కూడా ఏదో తెచ్చింది. అందరి కిందా ఏమీ లేదని రాసింది నక్క. తన గుహ కిందా ఏమీ లేదని రాసుకుంది. అక్కడ తెల్లగా, బరువుగా ముగ్గురాయి ఉందని అలుగవ్వ ఎప్పుడో నాకి చెప్పింది, అది వేరే సంగతి.

సింహం చదివించుకుని గర్జించింది. "రాళ్ళు కూడా లేని అడవికా నేను రాజుని?"

నక్క ఆలోచించింది. ఏమీ తేనిది ఒక్క అలుగవ్వే. రాళ్ళన్నీ తీసుకెళ్ళి ఊటకొండ కింద పెట్టేసింది, కాగితం మీద.

మర్నాడే అవ్వ వచ్చి నిలబడింది.

"ఏమప్పా గుమస్తా, మా కొండ కింద ముగ్గురాయి, రాతినార, ఇనపరాయి ఉండాయని రాసినావంట. చూసినావా?"

"గుమస్తా చూడడు అవ్వా, రాస్తాడు."

"ఆడ ఉండేది నాపరాయే. దాని కింద నీళ్ళు. ఆ బండ పగిలితే ఊట యాటికో పోతాది. ఎండలకి నువ్వేం తాగుతావు?"

"నీళ్ళది వేరే అధ్యాయం అవ్వా. ఇది రాళ్ళ అధ్యాయం."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. అవ్వ ఒక్కొక్క మొహమూ చూసి పెట్టుకుంది.

"ఇక్కడ నీ మూడు గీతలు గీసిపో" అంది నక్క. "చదువురానిదానివి, ఏం రాశానో నీకెందుకు?"

"నేను నాకి చూడని రాయికి గీత గీయను. గీత గీసినోళ్ళ ఇంటి కిందే మొదటి గుంత. అబద్ధం గీయకుండా పెద్దోళ్ళు పెట్టిన కట్టుబాటు అది."

అవ్వ అటు వెళ్ళగానే నక్క నవ్వుకుంది. మొదటి గుంత పడేది ముసలిదాని బొరియ కిందే కదా, నాకేం? అనుకుని తన పంజాతోనే ఆకు మీద గీతలు గీసేసింది.

అవ్వ గీతలు పుస్తకంలో ఉన్నాయంట అన్న మాట ఊటకొండ దాకా పాకింది. ఏనుగులు వచ్చేదాకా అవ్వ ఊట దగ్గర నుంచి కదల్లేదు. వచ్చాక తనే నడిచి కొలువుకి పోయింది.

ఏనుగు మేస్త్రీ రాత చదవనే లేదు. తిన్నగా గీతల దగ్గరికి పోయింది.

"ఇవెవరివి?"

"అలుగవ్వవి అయ్యా" అంది నక్క.

మేస్త్రీ తొండం కొస ఆనించి లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు... నాలుగు."

అవ్వ ముందుకాలు చాపింది. "నావి మూడే పడతాయయ్యా. మా అమ్మవీ మూడే."

మేస్త్రీ అందరినీ తేరిపార చూసింది. అడవిపంది అడక్కముందే గిట్టలు చూపించేసింది. నక్క మాత్రం ముందుకాళ్ళ మీద కూర్చునుంది.

"గుమస్తా, కాలు తియ్యి."

"చలిగా ఉందయ్యా."

"హాయిగా ఉండునని నువ్వే రాశావంట కదా, తియ్యి!"

తీసింది. నాలుగు.

మొదటి గుంత నక్క గుహ కింద పడింది. రెండు మూరలు తవ్వారో లేదో, తెల్లగా ముగ్గురాయి.

"లేదని రాశాను కదయ్యా!" అని ఏడ్చింది నక్క.

మేస్త్రీకి ముచ్చటేసింది. "ఎంత మంచి పుస్తకం! లేదన్నచోట ఉంది. అంటే ఉందన్నచోట ఉండదు. ఊటకొండ జోలికి పోకండి. ఏమీ లేదని రాసిన చోట్లన్నీ తవ్వండి. మట్టి కూడా లేదన్న చోట ఇంకా లోతుగా తవ్వండి."

అడవిపంది తన పొద వైపు పరుగు తీసింది. సింహం మాత్రం తన అడవి నిండా గుంతలు చూసుకుని, పులికి ఇన్ని లేవని మురిసిపోయింది.

ఎండలు ముదిరాయి. నవ్వినవాళ్ళంతా దుమ్ము కొట్టుకుని ఊటకొండ దగ్గర వరస కట్టారు. ఎవరెంత గట్టిగా నవ్వారో ఆ లెక్కన అవ్వ వాళ్ళని వెనక్కి నిలబెట్టింది. అందరికంటే చివర గుమస్తా నక్క, నాలుక వేలాడేసుకుని.

"అవ్వా, గుక్కెడు నీళ్ళు."

"ఇది రాళ్ళ అధ్యాయం నాయనా" అంది అలుగవ్వ. "నీళ్ళది వేరే. కూర్చో, వస్తాది."

నీతి: ఇంకొకరి గీత గీసే ముందు మీ గోళ్ళు లెక్కపెట్టుకోండి.