మోతీ నోటికి షట్‌డౌన్

దేశ ప్రగతికి అసలైన కొలమానం ఉక్కు కాదు, కుక్క పళ్ళు. ఈ సత్యాన్ని అందరికన్నా ముందు కనిపెట్టింది భిలాయి ఖుర్సీపార్‌లోని మా వీధి. కనిపెట్టిన వెంటనే, పద్ధతి ప్రకారం, ఒక కమిటీ వేసింది.

దాని పేరు శ్వాన దంత భద్రతా సమితి. అధ్యక్షులు గురునాథరావు గారు, ఉక్కు ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. (ఆయన రిటైరయ్యారు గానీ ఆయనలోని ఫోర్‌మన్ ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు.) నడుస్తున్న మిషను మీద చెయ్యి వెయ్యకూడదన్నది ప్లాంటు నియమం. ముందు షట్‌డౌన్ తీసుకోవాలి, స్విచ్చికి తాళం వెయ్యాలి, పర్మిట్ మీద సంతకాలు పడాలి, ఆ తరవాతే శుభ్రం చెయ్యడం. ఎందరి ప్రాణాలో కాపాడిన నియమం అది. కుక్క నోరు కూడా నడుస్తున్న మిషనేనని సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది.

తీర్మానం మొదట మా ఎదురింటి సులోచన గారికి తగిలింది. ఆవిడ పెంచుకునే మోతీకి నోటి కంపు మొదలైంది. పశువుల డాక్టరు రోహిణి గారు చూసి, మెత్తటి బ్రష్షుతో రోజూ చిగుళ్ళ అంచున తోమమన్నారు. కుక్కలకని అమ్మే పేస్టే వాడాలి, మనుషులది వద్దన్నారు. అంతే. (ఒక్క సంతకం కూడా అడగని వైద్యం కాబట్టి సమితికి అది నచ్చలేదు.)

సులోచన గారు గుమ్మంలో కూర్చుని మోతీ నోరు తెరిచేసరికి అధ్యక్షులు గేటు దగ్గర ప్రత్యక్షమయ్యారు.

"పర్మిట్ ఏదమ్మా?"

"పళ్ళు తోమడానికి పర్మిట్టేటి, అన్నయ్యగారూ?"

"తోక ఆడతంది కదా. అంటే మిషను చాలూ ఉన్నట్టే, నడుస్తన్నట్టే. ముందు బంద్ చెయ్యి."

తోక ఆగేది మోతీ నిద్రపోయినప్పుడే. నోరు ముట్టుకోగానే లేచేది, తోక ఊపేది, పర్మిట్ రద్దయ్యేది. తరవాత హెల్మెట్ తప్పనిసరి చేశారు. హెల్మెట్లో యజమానురాలిని చూసి మోతీ మంచం కిందికి దూరింది. పని ఆగడానికి కారణం 'పరికరం గైర్హాజరు' అని సమితి నమోదు చేసుకుంది.

వర్షాలు వెళ్ళేసరికి మోతీ రొట్టె ముక్క వాసన చూసి వదిలేయడం మొదలుపెట్టింది. "దీని బాధ చూళ్ళేకపోతన్నానండీ," అంటూ సులోచన గారు ఏడ్చేశారు. నాకు ఒళ్ళు మండింది, కానీ నేనూ సమితి సభ్యుణ్ణే.

రోహిణి గారు మత్తిచ్చి, పాడైన దవడ పళ్ళు పీకేశారు. బల్ల మీద మోతీ తోక కదలకుండా ఉండడం చూసి గురునాథరావు గారి ముఖం వెలిగిపోయింది. "షట్‌డౌన్ అంటే ఇలాగుండాలి," అన్నారు.

మోతీ ఇప్పుడు కులాసాగా ఉంది, మెత్తటి అన్నం తింటోంది. వీధి మొగలో సమితి కొత్త బోర్డు పెట్టింది: 'దంత శుభ్రతలో ఈ ఏడాది ప్రమాదాలు శూన్యం.'

సులోచన గారు అది చదివి, "ఇంతకీ ఈ ఏడాది ఎన్ని కుక్కలకి తోమేరండీ?" అని అడిగారు.

"ఒక్కదానికీ తోమనీలేదమ్మా," అన్నారు అధ్యక్షులు. "జీరో ఊరికే వస్తదేటి?"