నత్తలకు సాక

చేవెళ్ల మండలం రైతులందరికీ ఒక విన్నపం. నత్తలను తిట్టకండి. గుల్ల లేని నత్తలను అసలే తిట్టకండి. సొంత ఇల్లు లేదు, కిరాయి ఇల్లూ అడగదు. మన పొలంలో పడుకుని, మన పంట తిని, మనల్నే నమ్ముకుని బతికే ప్రాణి ఈ కాలంలో ఇంకెక్కడుంది చెప్పండి!

ఇంత గట్టిగా మాట్లాడటానికి నా అర్హత ఏమిటంటారా? ఆలూరు పక్కన మా చెలకలో ఈ చలికాలం బర్సీం వేశాను. మెంతికూరలా మూడేసి ఆకులతో వచ్చే పశువుల మేత అది. మా ఆవిడ సుగుణమ్మకు రెండు బర్రెలున్నాయి. అవి నావి కూడా కదా అంటే, పాలు పిండేది ఆమె, అవి మాట వినేది ఆమెది. కాబట్టి ఆమెవే. ఎండలు ముదిరేదాకా వాటికి పచ్చిమేత ఈ మడి నుంచే రావాలి. బర్సీం నిలిస్తే బర్రెలుంటాయి, లేకపోతే అమ్మకానికి పశువుల అంగడికి పోతాయి. విత్తనం చల్లిన రోజే సుగుణమ్మ ఈ సంగతి తేల్చి చెప్పింది.

మొలక వచ్చింది. పచ్చగా వచ్చింది. మర్నాడు పొద్దున పోయి చూస్తే మొలక లేదు, మడి నిండా తెల్లటి జిగురు గీతలు మెరుస్తున్నాయి. గీతలు పట్టుకుని పోతే ప్రతి గీత చివరా ఒక నత్త.

కలుపు తీయడానికి మనుషులు దొరకని రోజులివి. అలాంటిది పిలవకుండా వచ్చి, కలుపు ఏది, పంట ఏది అనే తేడా చూపకుండా అన్నిటినీ సమంగా తీసేసినవాళ్లను ఏమనాలి? ఆగిపోయిన ప్రతి పనినీ నత్తనడక అంటాం. నత్తకు ఇది పరువు నష్టం కాదా? మా మడి పనిని అవి ఒక్క రాత్రిలో పూర్తి చేశాయి. ఏ కాంట్రాక్టర్ చేస్తాడు?

పైగా ఇవి మామూలు నత్తలు కావు, సిటీ నత్తలు. మొయినాబాద్ వైపు జాగా చాలక ఫామ్‌హౌస్‌లు మా దాకా వచ్చాయి. మా పక్క గోడ రాకేష్ గారిది. ఆయన లాన్ మీద స్ప్రింక్లర్లు వాన పడుతున్నా తిరుగుతూనే ఉంటాయి. నర్సరీ కుండీలతో పాటు ఇవీ దిగాయి, ఆ తడికి పిల్లాజెల్లాతో స్థిరపడ్డాయి. భోజనానికి మాత్రం మా దగ్గరికి వస్తాయి. లాన్ గడ్డి కన్నా మా బర్సీం రుచిగా ఉంటుందని వాటి అభిప్రాయం. రైతుగా నాకది గర్వకారణం!

నేనూ ఊరికే కూర్చోలేదు. తడి గోనెసంచులు పరిచి, వాటి కింద చేరినవాటిని ఏరాను. ఫోన్‌లో వీడియో చూశాను. ఎక్కడో ఫారిన్ రైతు పళ్లేల్లో బీరు పోస్తే నత్తలు వచ్చి, తాగి, అందులోనే మునిగి చచ్చాయి. మా దగ్గర బీరు నత్తల దాకా మిగలదు. అందుకే కల్లు తెచ్చి, మట్టి మూకుళ్లలో పోసి గట్టు పొడవునా పెట్టాను.

పక్క చేను సాయమ్మ టమాటాలు తెంపడానికి పోతూ చూసింది.

“మైసమ్మకు కల్లు సాక పోసినవా బిడ్డా? మంచి పని చేసినవ్. పసుపు కుంకుమ ఏవి మరి?”

“అమ్మకు కాదవ్వా, నత్తలకు.”

“ఎవలకైతేంది? కల్లు పోసినంక బొట్టు పెట్టాలె.”

అంతలో మూకుడు చుట్టూ మెరిసే గీతలు ఆమె కంట పడ్డాయి. “అమ్మ వచ్చి తాగిపోయింది” అని చేతులు జోడించింది.

ఇక చెప్పేదేముంది? వేపమండలు వచ్చాయి, పసుపు వచ్చింది, కొండకల్ నుంచి కూడా జనం వచ్చారు. ఒకాయన ప్లాటు అమ్ముడుపోవాలని మొక్కాడు, ఇంకొకాయన ప్లాటు కొనాలని మొక్కాడు. అందరూ మూకుళ్లు నిండా కల్లు పోశారు. మూకుడు వెలితిగా ఉంటేనే నత్త లోపలికి జారి మునుగుతుంది. నిండుగా ఉంటే అంచు మీదే తాగి, నంజుకోవడానికి నేరుగా మడిలోకి పోతుంది. నంజుకునేది మా బర్సీమే.

నేను గోనెసంచి ఎత్తి నత్తను ఏరబోతే సాయమ్మ చెయ్యి పట్టుకుంది.

“ముట్టకు. అది అమ్మ ఎక్కే బండి.”

“గీ బండి మీద అమ్మ ఎప్పుడు చేరుతదవ్వా?”

“అమ్మకేం తొందర?”

మళ్లీ విత్తనం చల్లాను. సుగుణమ్మ గట్టు మీద నిలబడి, “గిది గిన పోతే బర్రెలను నువ్వే అంగడికి కొట్కపోవాలె, నేను రాను” అంది.

అప్పుడు జరిగింది అద్భుతం. నత్తలు మాయమయ్యాయి! వెతికినా ఒక్కటి లేదు. పంటల సలహాలిచ్చే కుర్రాడు నవీన్ వచ్చి, మడిలో మోకాళ్ల మీద కూర్చుని మరీ చూసి, “ఏం మందు కొట్టినవే అన్నా?” అని అడిగాడు.

“మందేం లేదు తమ్మీ. నేల పొడిగ ఉంచిన, అంతే.”

అది శాస్త్రమే. తడి లేని చోట ఈ నత్త బతకదు. పొడిగా ఎలా ఉంచానంటే, అందులో నా ప్రతిభ కొంచెం, రాకేష్ గారి ప్రతిభ ఎక్కువ. స్విమ్మింగ్‌పూల్ కోసం ఆయన గోడ అవతల కొత్త బోరు వేయించారు, మాకన్నా చాలా లోతుకు. అది నడిచిన నాటి నుంచి మా బోరు గాలి దగ్గుతోంది. నత్తలు పంచాయతీ పెట్టలేదు, దరఖాస్తు ఇవ్వలేదు. వరసగా గోడ ఎక్కి లాన్‌లోకి వెళ్లిపోయాయి. మా విత్తనం ఇప్పుడు మట్టిలో క్షేమంగా ఉంది. ఒక్కటీ తినబడలేదు, ఒక్కటీ మొలవలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఎవరి మీదో రాసే ధైర్యం చాలక నత్తల మీద రాస్తున్నాను.

ఈ నివారణ పద్ధతి గొప్పతనమంతా సుగుణమ్మకు వివరించాను. ఆమె బర్రెల పలుపులు చేతిలో పట్టుకుని, గోడ మీద ఆరిపోయిన జిగురు గీతలను కాసేపు చూసింది.

“నీళ్లున్న కాడికి నత్తలు గోడ ఎక్కి పోయినయి. నా బర్రెలు ఎట్ల ఎక్కుతయి?”