మిల్ క్రీక్ వంతెన మీద గాలి

మా కాంగ్రెస్‌మన్ ఎల్స్‌వర్త్ ప్రాట్ గారు చిన్న విషయాలు ప్రకటించరు. ఆ సోమవారం కోర్టు మెట్ల మీద నిలబడి, తమ ముత్తాత జెరెమయా ప్రాట్ విగ్రహాన్ని తామే ఆవిష్కరిస్తామని ప్రకటించారు. షరతు ఒక్కటే. ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో ముత్తాతగారి ఎన్నిక మీదున్న వ్యాసానికి "మేలైన వ్యాసం" అనే ఆకుపచ్చ బిళ్ళ ముందు రావాలి. పరాయివాళ్ళు మెచ్చుకుంటే తప్ప సొంత ముత్తాతనైనా నిలబెట్టని నాయకుణ్ణి మా కెంటకీలో నేనింతవరకు చూడలేదు.

ఇదే కాంగ్రెస్ సీటుకు ఆ ఎన్నిక 1894లో జరిగింది. ప్రాట్ తొమ్మిది ఓట్లతో గెలిచాడు. మిల్ క్రీక్ ఓట్ల పెట్టె లెక్కకు వచ్చే దారిలో వంతెన మీంచి ఏట్లో పడింది. ఓడిన ఆమోస్ రకర్ ఫిర్యాదు చేస్తే, వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ ఓటు వేసి మరీ తీర్పు చెప్పింది. సభలో మెజారిటీ ప్రాట్ పార్టీది. అందుచేత న్యాయం ఆలస్యం కాలేదు.

వ్యాసాన్ని పరిశీలించే బాధ్యత లోవెల్ టీస్‌డేల్ మీద పడింది. రిటైరైన డ్రైవింగ్ మాస్టారు. జీతం లేని ఈ పని ఆయనకు సరదా. నా హోటల్లో కిటికీ పక్క బల్లే ఆయన ఆఫీసు.

"'పెట్టె గాలికి ఎగిరి ఏట్లో పడింది' అని రాశారు. ఆధారం?" అన్నాడు.

"ఊరందరికీ తెలుసు కదండీ," అంది కొరీన్ వోగెల్. ప్రాట్ గారి సెక్రటరీ. వ్యాసం రాసింది ఆమే.

"ఊరు అచ్చులో లేదమ్మా. ఎక్కడ అచ్చయిందో చూపించు."

పక్క బల్ల దగ్గర ఆపిల్ పై అనే తీపి వంటకం తింటున్న ఒడెస్సా రకర్ నవ్వింది. ఏటి ఒడ్డున పడవలు అద్దెకిస్తుంది. ఓడిన ఆమోస్ ఆమె ముత్తాత.

"గాలీ లేదు, గాడిద గుడ్డూ లేదు. జెరెమయా బావమరిది తోశాడు. మా తాత చెప్పేవాడు."

"అచ్చయిందా?"

"మా తాత నోట్లో."

"అయితే కుదరదు, ఒడెస్సా. రూలు."

ఆమె ఫోర్కు కింద పెట్టింది. "మా ముసలాయన నిజానికి ఓడలేదని ఎక్కడో ఒకచోట ఉండాలి కదయ్యా. ఒక్క ముక్క చాలు."

లోవెల్ జాలిపడ్డాడు. రూలు జాలిపడలేదు.

బుధవారం ప్రాట్ గారు సభలో లేచారు. పొద్దున్నే సభ్యులు ఒక్కొక్కరు ఒక్క నిమిషం తోచింది మాట్లాడుకునే ఆచారం అక్కడ ఉంది. వినేవాళ్ళుండరు. అచ్చు వేసేవాళ్ళుంటారు.

"మిల్ క్రీక్ వంతెన మీద సాయంత్రం పూట గాలి పెట్టెల్ని ఎత్తుకుపోతుంది! ఇది చరిత్ర!"

ఖాళీ కుర్చీల్లో ఒక్కటీ అభ్యంతరం చెప్పలేదు. మర్నాడు కొరీన్ ఆ అచ్చు కాగితం తెచ్చి లోవెల్ ముందు పెట్టింది.

"బాగుంది. ఈ సంగతి ఆయనకెలా తెలిసింది?"

"ఈ వ్యాసంలోనే చదివారండీ."

లోవెల్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అచ్చయితే అయినట్టే."

బిళ్ళ వచ్చింది. విగ్రహం లేచింది.

ఒడెస్సా ఒక్కటే అడిగింది. "అయితే లోవెల్, ఆ వంతెన మీద సాయంత్రం గాలి పెట్టెల్ని ఎత్తుకుపోతుందన్నది ఖాయమేనా?"

"ఆధారసహితం."

ఆమె కాఫీ తాగేసి, తిన్నగా వెళ్ళి ప్రాట్ గారి మీద పోటీకి నిలబడింది.

నవంబర్. పోలింగ్ రోజు సాయంత్రం మిల్ క్రీక్ పెట్టె తెస్తున్న కారు వంతెన మీద ఆగింది. నడుపుతున్నది ప్రాట్ గారి మేనల్లుడు. చెట్టు మీద ఆకు కదలడం లేదు. అయినా గాలొచ్చింది. పెట్టె గాల్లోకి లేచింది. కింద పొద్దుటి నుంచి లంగరేసి ఉన్న ఒడెస్సా పడవలో, పరిచిన చేపల వల మధ్య దబ్బున పడింది. సీలు చెక్కుచెదరలేదు. అందరి ముందూ లెక్కపెట్టారు. ఒడెస్సా గెలిచింది.

ప్రాట్ గారు నా హోటల్లో బల్ల గుద్దారు. "పెట్టె పడుతుందని ఈవిడకి ముందే ఎలా తెలుసు? ఇది కుట్ర! సభకు ఫిర్యాదు చేస్తాను!"

"చదివాను సార్. ఆకుపచ్చ బిళ్ళున్న వ్యాసం," అంది ఒడెస్సా.

ఆ సాక్ష్యాన్ని కూల్చందే ఫిర్యాదు నిలబడదు. ప్రాట్ గారు వెంటనే వాషింగ్టన్ వెళ్ళి, మిగిలిన పదవీకాలంలోంచి మరో నిమిషం తీసుకున్నారు. కొరీన్ మళ్ళీ కాగితం తెచ్చింది.

"మిల్ క్రీక్ గాలి గురించి కాంగ్రెస్‌మన్ ప్రాట్ చెప్పిన మాట నమ్మదగింది కాదు," అని చదివాడు లోవెల్. "ఎవరన్నారు?"

"కాంగ్రెస్‌మన్ ప్రాట్."

"అచ్చయింది కాబట్టి కాదనలేం." లోవెల్ వ్యాసంలోంచి గాలి తీసేశాడు. బిళ్ళ కూడా తీసేశాడు.

ఫిర్యాదు సభలో ఉంది. వచ్చే సభలో మెజారిటీ ఒడెస్సా పార్టీది. అందుచేత ఈసారీ న్యాయం ఆలస్యం కాదు.

"మరి 1894లో పెట్టె ఎలా పడింది?" అన్నాను కాఫీ పోస్తూ.

"ప్రస్తుతానికి ఆ చోటు ఖాళీ," అన్నాడు లోవెల్.

ఒడెస్సా ఆపిల్ పై ముక్కను ఫోర్కుతో తుంచింది. "అలాగే ఉంచు. జనవరిలో నాకూ ఒక నిమిషం ఇస్తారు."